పంట రైతుది, పెత్తనం ఎవరిది?

మిర్చి సీజన్ వచ్చిందంటే కాశిబుగ్గ మీదుగా పోయే దారంతా ఘాటెక్కుతుంది. చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చే ట్రాలీలు, ఆటోలు, డీసీఎంలు బస్తాలు నింపుకొని ఎనుమాముల మార్కెట్ యార్డు వైపు సాగుతాయి. పత్తి కాలంలో ఈ వరసే తెల్లబడుతుంది. ఆ బస్తాలోని సరుకు ఎవరిదని అడిగితే అందరూ రైతుదే అంటారు. దున్నినవాడు, విత్తినవాడు, అప్పు తెచ్చినవాడు, ఏరినవాడు అతనే. మరి ఆ సరుకు మీద ఎవరి మాట చెల్లుతుంది?

బండి నడిచే రోడ్డు, పక్కనున్న మురుగుకాల్వ గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ చేతిలో ఉన్నాయి. దాని సర్కిల్ ఆఫీసుల్లో ఒకటి కాశిబుగ్గలోనే ఉంది. అక్కడి నుంచి కాస్త దూరం పోతే యార్డు గేటు వస్తుంది. గేటు దాటితే రాష్ట్ర మార్కెటింగ్ శాఖ చట్టం మొదలవుతుంది. మద్దతు ధరకు అమ్మాలంటే పత్తిని కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ కొనాలి. అది కేంద్ర జౌళి శాఖ కింది సంస్థ. విదేశీ పత్తి మీద సుంకం ఉండాలా వద్దా అన్నది ఢిల్లీలో తేలుతుంది. ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే అక్కడికి వచ్చేది రాష్ట్ర పోలీసు. నాలుగడుగుల దారిలో ఇన్ని సర్కార్లు! అందుకే ‘ప్రభుత్వ అధికారం ఎక్కువా, మనిషి స్వేచ్ఛ ఎక్కువా’ అన్న పెద్ద ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఈ యార్డు కంటే మంచి చోటు నాకు కనిపించదు.

మొదట రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం. 19వ అధికరణం ఒకటో క్లాజులోని ‘జి’ ప్రకారం ఏ వృత్తి అయినా, వ్యాపారమైనా చేసుకునే స్వేచ్ఛ పౌరులందరికీ ఉంది. అదే అధికరణం ఆరో క్లాజు ఆ స్వేచ్ఛకు ఒక హద్దు గీసింది. జనం మేలు కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు, అయితే వాటిని చట్టం ద్వారానే పెట్టాలి. ‘సహేతుకం’, ‘చట్టం ద్వారా’ అన్న రెండు మాటలనూ పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందుముందు ఇవే పనికొస్తాయి.

పంటను ఫలానా చోటే అమ్మాలని చెప్పే మార్కెట్ చట్టం ఈ స్వేచ్ఛకు అడ్డం కాదా? ఈ ప్రశ్న చాలాకాలం క్రితమే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1933లో, వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేశారు. లైసెన్సు లేకుండా బయట కొనకూడదన్న నియమం మా హక్కును హరిస్తోందని వ్యాపారులు కోర్టుకెక్కారు. అరుణాచల నాడార్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అప్పుల్లో మునిగి, నిల్వకు చోటు లేక, ధర తెలియక ఇంటి ముంగిట్లోనే సరుకు అమ్ముకునే రైతును దళారీ నుంచి కాపాడటానికే ఈ కట్టడి అని అర్థం చేసుకుంది. నిజాం రాష్ట్రంలో ఇంకా ముందే, 1339 ఫస్లీలో, అంటే 1930 ప్రాంతంలో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఇవాళ ఎనుమాములలో నడిచేది 1966లో ఉమ్మడి రాష్ట్రం చేసి, తర్వాత తెలంగాణ తనదిగా తీసుకున్న మార్కెట్ల చట్టం.

‘ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు, మనిషి స్వేచ్ఛగా బతుకుతాడు’ అనేవాళ్లు తెలంగాణ పల్లె చరిత్రను ఒకసారి చూడాలి. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండించింది. ఆ పంటను ఎత్తుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను పంపాడు. చట్టం ఆమెకు అడ్డం రాలేదు, అండగానూ రాలేదు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు నిలబడి ధాన్యం ఇల్లు చేర్చారు కాబట్టి ఆ గింజలు ఆమెకు దక్కాయి. సర్కారు చేయి అందని చోట ఖాళీ ఉండదు. అక్కడ దొర ఉంటాడు, షావుకారు ఉంటాడు. రైతు స్వేచ్ఛకు ముప్పు పైనుంచే కాదు, పక్కనుంచీ వస్తుంది.

అలాగని యార్డు గేటు లోపల అంతా న్యాయమే జరుగుతుందని చెప్పలేం. పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశికి ఖరీదుదారులు పాడిన ధర అది. మర్నాడు పేపర్లో వచ్చే ధర కూడా సాధారణంగా అదే. మిగతా రాశులకు నాణ్యత, తేమ, తాలు చూసి ధర కడతారు. జెండా పాట ఒకటి, తన బస్తా కాంటా ఎక్కేసరికి చేతికొచ్చే ధర ఇంకొకటి అన్నది రైతుల పాత గోడు. అడ్తిదారు రైతు తరఫున సరుకు అమ్మిపెట్టాలి. కానీ చాలాసార్లు అతనే పెట్టుబడికి అప్పిచ్చినవాడు. అప్పిచ్చినవాడి దగ్గరికే సరుకు తీసుకురావాల్సిన రైతుకు ‘నచ్చకపోతే అమ్మను’ అని చెప్పే శక్తి ఎంత ఉంటుంది? దడువాయి వేసే తూకం, హమాలీ కూలి, తరుగు, చివరికి చేతికిచ్చే లెక్క చీటీ (తక్‌పట్టీ), అన్నింటికీ కాగితం మీద నియమాలున్నాయి. వాటిని అమలు చేయించాల్సింది మార్కెట్ కమిటీ. ఆ కమిటీ సభ్యులను రైతులు ఎన్నుకోరు. రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. అధికార పార్టీ మారితే కమిటీ మారుతుంది. ఊళ్లోని సహకార సంఘం డైరెక్టర్లను 2020 ఫిబ్రవరిలో రైతులే ఓట్లేసి గెలిపించుకున్నారు. అంతకంటే ఎన్నో రెట్ల సరుకు చేతులు మారే మార్కెట్‌లో మాత్రం ఆ ఓటు లేదు. మనకు దగ్గరగా ఉన్న ప్రభుత్వం కాబట్టి మన మాట వింటుందని అనుకోవడం ఎంత తప్పో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ లోపాన్నే పట్టుకుని 2020లో కేంద్రం మూడు సాగు చట్టాలు తెచ్చింది. జూన్‌లో ఆర్డినెన్సులుగా, సెప్టెంబరులో చట్టాలుగా వచ్చాయి. మన చర్చకు ముఖ్యమైనది వాటిలో మొదటిది. దాని ప్రకారం యార్డు గోడ బయట ఎవరైనా, పాన్ కార్డు ఉంటే చాలు, రైతు దగ్గర సరుకు కొనవచ్చు. అక్కడ రాష్ట్రం మార్కెట్ ఫీజు వసూలు చేయకూడదు. రైతుకు ఎక్కడైనా అమ్ముకునే స్వేచ్ఛ వచ్చిందని కేంద్రం ప్రకటించింది.

ఆ మాటలో నిజం బొత్తిగా లేదనను. యార్డులో నలుగురు ఖరీదుదారులు కూడబలుక్కుంటే బయట ఐదోవాడు ఉండటం రైతుకు మంచిదే. చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది అధికారం ఎవరిదన్నది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వ్యవసాయం, మార్కెట్లు, సంతలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆహార పదార్థాలు, నూనెగింజలు, ముడి పత్తి వంటి వాటి వ్యాపారం మాత్రం ఉమ్మడి జాబితా 33వ అంశంలో ఉంది. 1954లో మూడో సవరణతో ఆ అంశం విస్తరించింది. కేంద్రం ఈ కిటికీలోంచే లోపలికి వచ్చింది. అంటే ఎనుమాములలో రాశి పోసిన పత్తి ‘మార్కెట్’ కిందికి వస్తే రాష్ట్రానిది, ‘ముడి పత్తి వ్యాపారం’ కిందికి వస్తే ఇద్దరిదీ. ఇంత సున్నితమైన చోట అడుగు పెట్టేటప్పుడు రాష్ట్రాలతో కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. అది జరగలేదు.

రెండో చిక్కు నా దృష్టిలో ఇంకా పెద్దది. కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే రైతు ఎవరి దగ్గరికి పోవాలి? ఆ చట్టం సివిల్ కోర్టు తలుపు మూసేసి, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ దగ్గరికి, అంటే ఆర్డీవో స్థాయి అధికారి దగ్గరికి పొమ్మంది. అసలే భూముల పంచాయితీలు, ఎన్నికలు, వరదలు, ప్రొటోకాల్ అన్నీ మోసే ఆఫీసు అది. అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చిన చేత్తోనే న్యాయం అడిగే హక్కును కుదించారు. అమ్మాక డబ్బు రాబట్టుకునే దారి బలంగా లేకపోతే ఎక్కడైనా అమ్ముకోవచ్చన్న మాట కాగితానికే పరిమితం. బిహార్ 2006లోనే మార్కెట్ కమిటీల చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది. ప్రైవేటు మార్కెట్లు వరసగా పుట్టుకొస్తాయని, రైతుకు మంచి ధర పలుకుతుందని పెట్టుకున్న ఆశలు అక్కడ నెరవేరలేదు. చివరికి 2021 జనవరి 12న సుప్రీంకోర్టు మూడు చట్టాల అమలును నిలిపివేసింది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నాక, ఆ నవంబరులో పార్లమెంటు వాటిని రద్దు చేసింది.

ఆ చట్టాలు వచ్చిన 2020లోనే మన రాష్ట్రంలో ఇంకో ముచ్చట నడిచింది. ఢిల్లీ ‘ఎక్కడైనా అమ్ముకో’ అంటుంటే హైదరాబాద్ ‘నేను చెప్పిందే వెయ్యి’ అంది. 2020 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు విధానం ప్రకటించింది. వానాకాలంలో మొక్కజొన్న వద్దు, సన్నరకం వరి, పత్తి, కంది వేయండి, చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు పెట్టుబడి సాయం రాదు అన్నారు. వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) ఊరూరా పంటల లెక్కలు రాసుకున్నారు. మొక్కజొన్న సాగు ఆ వానాకాలంలో బాగా పడిపోయింది.

ఏ పంట ఎంత వేస్తే ధర నిలబడుతుందో ప్రభుత్వం లెక్క వేయడం తప్పు కాదు. అందరూ ఒకే పంట మీద పడితే మార్కెట్‌లో ఏం జరుగుతుందో మిర్చి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడగాల్సింది ఆ ఆజ్ఞ వెనక ఏముందన్నది. శాసనసభ చేసిన చట్టం లేదు. ప్రభుత్వం చెప్పిన పంట పోతే నష్టం భరిస్తానన్న రాతపూర్వక హామీ లేదు. ఉన్నదల్లా ఎకరాకు సీజనుకు 5,000 రూపాయల సాయం ఆపేస్తామన్న మాట. సాయాన్ని ఎరగా పెట్టి హక్కును వదిలించడం, జైల్లో వేస్తామని బెదిరించినంత కటువుగా కనిపించదు. కానీ రెండెకరాల రైతుకు అప్పు తెచ్చుకునే వేళ ఆ పదివేలు ఎంత బరువో ఆ ఇంటికి తెలుసు.

పొరుగున పొగాకు రైతును చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు ఇష్టమొచ్చినట్టు వేయడానికి లేదు. 1975లో పార్లమెంటు చేసిన పొగాకు బోర్డు చట్టం ప్రకారం, గుంటూరు కేంద్రంగా ఉన్న బోర్డు దగ్గర రైతు రిజిస్టర్ చేసుకోవాలి. ఏ ఏడాది ఎంత పండించాలో బోర్డు నిర్ణయిస్తుంది. పంట వేసే స్వేచ్ఛ మీద ఇంత గట్టి కట్టడి దేశంలో అరుదు. అయినా ఆ కట్టడికి ఒక చట్టం ఉంది, ఒక బోర్డు ఉంది, రైతు సరుకు తెచ్చి పెట్టడానికి వేలం కేంద్రం ఉంది. ధర తగ్గినప్పుడు పొగాకు రైతులూ ఏడుస్తారు, ధర్నాలు చేస్తారు. కానీ ఎవరిని నిలదీయాలో వాళ్లకు తెలుసు. 2020 వానాకాలంలో మన దగ్గర సన్నరకం వేసి, మిల్లరు సరైన ధర పెట్టనప్పుడు నష్టపోయిన రైతుకు ఆ మాత్రం ఆసరా కూడా దొరకలేదు.

అదే ఏడాది డిసెంబరు 8న రాష్ట్రంలోని అప్పటి అధికార పార్టీ కేంద్ర చట్టాలకు వ్యతిరేకంగా భారత్ బంద్‌లో పాల్గొంది. డిసెంబరు 27న రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగును ఎత్తేసింది. ఏ పంట వేయాలో రైతులే తేల్చుకోవాలంది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది. కేంద్రం చట్టాలు వచ్చాయి కాబట్టి పంట ఎక్కడైనా అమ్ముకోవచ్చు, ఇకపై ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు పెట్టం అని. కొనుగోళ్ల వల్ల దాదాపు 7,500 కోట్ల నష్టం వచ్చిందని కారణం చూపారు. (తర్వాత వెనక్కి తగ్గి యాసంగిలో కొనుగోలు కేంద్రాలు నడిపారు.) ఆ ఒక్క ప్రకటనలో ఈ వ్యాసమంతా ఉంది. రైతుకు స్వేచ్ఛ తిరిగి ఇచ్చిన రోజే అండ తీసేశారు. ఆంక్ష పెట్టినప్పుడు చట్టం లేదు, ఆంక్ష ఎత్తేసినప్పుడు పూచీ లేదు. ఢిల్లీ పద్ధతి, హైదరాబాద్ పద్ధతి పైకి ఎదురెదురుగా కనిపించినా, రైతు జవాబు అడగగలిగే చోటును రెండూ చిన్నది చేశాయి.

వేరే దేశాల్లో ఈ తగవు లేదనుకోవద్దు. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన రోస్కో ఫిల్‌బర్న్ అనే రైతుకు 1941 పంటకు 11.1 ఎకరాల్లో గోధుమ వేసుకోవచ్చని ప్రభుత్వం కోటా ఇచ్చింది. అతను 23 ఎకరాలు వేశాడు. ఎక్కువ పండింది నా పశువులకు, నా ఇంటికి అన్నాడు. జరిమానా పడింది. 1942లో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే నిలిచింది. ఇలా అందరూ ఇంటికోసమని పండించుకుంటే దేశం మొత్తం ధర మీద ప్రభావం పడుతుందన్నది తర్కం. మరి 2015లో కాలిఫోర్నియా ఎండుద్రాక్ష రైతు హోర్న్ కేసులో అదే కోర్టు ఇంకోలా చెప్పింది. ధర నిలబెట్టడానికని పంటలో కొంత భాగాన్ని ప్రభుత్వం తీసుకుంటే, తీసుకున్నదానికి డబ్బు కట్టాల్సిందే అంది. ఎంత వేయాలో చెప్పే అధికారం వేరు, పండిన గింజను ఊరికే తీసుకుపోయే అధికారం వేరు. రెండింటి మధ్య ఈ గీత గీయడానికి అక్కడ డెబ్భై ఏళ్లకు పైగా పట్టింది.

ప్రభుత్వ అధికారం అంటే రైతును కట్టేయడమే అనుకునేవారికి మన రాష్ట్రంలోనే ఎదురు ఉదాహరణ ఉంది. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా అమ్ముతున్న రోజుల్లో, 2006లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీ వసూలు చేస్తున్న టెక్నాలజీ రుసుము మీద గుత్త వ్యాపారాల కమిషన్‌కు వెళ్లి, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. ఆ మరుసటి ఏడాది దానికోసం చట్టమే చేసింది. వరంగల్ పత్తి రైతుల చావులు అప్పటికింకా పచ్చి గాయాలే. ఒక కంపెనీకి ఎంతకైనా అమ్ముకునే స్వేచ్ఛను తగ్గిస్తే, లక్షల మందికి విత్తనం కొనగలిగే స్వేచ్ఛ పెరిగింది. ఆ పని చేసింది రాష్ట్రం. 2015 చివర్లో కేంద్రం పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి ఆ అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది.

అధికారం అన్నిటికంటే మోటుగా కనిపించిన రోజు కూడా మార్కెట్ వల్లే వచ్చింది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో మిర్చి ధర కుప్పకూలడంతో కడుపు మండిన రైతులు ఆఫీసు మీద పడ్డారు. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. మే మొదట్లో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 5,000 రూపాయలు ప్రకటించింది. అదే నెలలో, అరెస్టయిన పదిమంది రైతులను కోర్టుకు తెచ్చినప్పుడు వాళ్ల చేతులకు బేడీలున్నాయి. కోర్టు అనుమతి లేకుండా, తగిన కారణం లేకుండా బేడీలు వేయడం మనిషి గౌరవానికి విరుద్ధమని 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. 1995లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. రాష్ట్రమంతా గొడవయ్యాక బాధ్యులైన పోలీసులను సస్పెండ్ చేశారు. మార్కెట్ ఆస్తిని పగలగొట్టడం నేరమే, దానికి కేసు పెట్టడం న్యాయమే. కానీ అక్కడితో ఆగాల్సిన అధికారం ఆగలేదు. ధర ఇవ్వలేని వ్యవస్థ బేడీలు మాత్రం ఇంత తొందరగా తీసుకురాగలిగింది. ఆ ఫొటో చూసిన ప్రతి రైతు ఇంట్లో ఆ రోజు అన్నం సయించి ఉండదు.

ఇప్పుడు మళ్లీ పత్తి దగ్గరికి వద్దాం, ఎందుకంటే తాజా చిక్కు అక్కడే ఉంది. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర రావాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. 2025 నవంబరులో ఇంకో కొర్రీ వచ్చింది. ఎకరాకు 12 క్వింటాళ్ల దాకా కొనే పద్ధతిని 7 క్వింటాళ్లకు తగ్గించారు. మంచి నేల, మంచి వాన దొరికి ఎకరాకు పది క్వింటాళ్లు తీసిన రైతు మిగతా మూడు ఎక్కడ అమ్మాలి? వ్యాపారి చెప్పిన ధరకే అమ్మాలి. యాప్‌లో భూమి వివరాలు అడుగుతారు కాబట్టి, పట్టా లేని కౌలు రైతుకు ఆ గుమ్మం ఇంకా ఎత్తు. మరోపక్క అదే ఏడాది ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రమే ఎత్తేసింది. మిల్లులకు బయటి పత్తి కొనుక్కునే స్వేచ్ఛ పెరిగింది. అదే కాలంలో రైతుకు మద్దతు ధరకు అమ్మే హద్దు తగ్గింది.

పరిమితి ఎందుకు తగ్గిందని అడిగితే దిగుబడి లెక్కల ప్రకారం అని సమాధానం. ఆ లెక్కలు ఎవరు తీశారు, ఏ పొలాల్లో తీశారు, నా మండలానికి ఎంత రాశారు అన్నది రైతుకు ఎవరూ చెప్పరు. రాష్ట్రం పెంచమని కేంద్రానికి లేఖ రాసింది. రెండు ప్రభుత్వాలూ ఒకరి వైపు ఒకరు చూపించుకుంటుంటే రైతు పత్తి ట్రాలీలోనే మంచుకు తేమ పడుతుంది. ఒక ప్రభుత్వానికే అధికారమంతా ఉంటే దాన్ని నిలదీయవచ్చు. కార్పొరేషన్, రాష్ట్రం, కేంద్రం ముగ్గురి మధ్య పంచితే మంచిదే, ఒకరు హద్దు మీరకుండా ఇంకొకరు చూస్తారు. కానీ ఎవరి వాటా ఎంతో రాసిపెట్టకపోతే ఆ పంపకం బాధ్యత ఎగవేతకు ముసుగవుతుంది.

కావాల్సినవి ఆకాశంలో చుక్కలేమీ కాదు. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే అని హద్దు పెట్టే ముందు, మండలాల వారీ దిగుబడి లెక్క మార్కెట్ యార్డు గోడ మీద, రైతు వేదికల్లో అతికించాలి. తప్పుంటే వారం లోపు అభ్యంతరం చెప్పుకునే వీలు, దానికి రాతలో జవాబు ఉండాలి. రాష్ట్రం ఏ పంట వేయొద్దన్నా శాసనసభలో చర్చ పెట్టి చెప్పాలి, చెప్పిన మాటకు నష్టం హామీ జోడించాలి. ఎనుమాముల మార్కెట్ కమిటీలో రైతుల స్థానాలకు యార్డులో సరుకు అమ్మిన రైతులే ఓట్లేయాలి. తక్‌పట్టీల్లో పేర్లున్నాయి కాబట్టి ఓటర్ల జాబితా తయారు చేయడం పెద్ద పని కాదు. కౌలు రైతు పేరు కూడా ఆ తక్‌పట్టీలోనే ఉంటుంది.